నడిచెళ్లిన ఇల్లు

జూన్ 27, 2024

వతి వెళ్ళిపోయింది. ఫైనల్ ఎగ్జిట్, ఇక ఈ దేశానికి మళ్ళీ రాదు.

ఈ నోటుబుక్కు మదామ్ చిన్నకూతురిది. ముందు నాలుగు పేజీల్లో అరబ్బీ అక్షరాలు దిద్ది చెత్తబుట్టలో పడేసింది. నేను తీసి దాచుకున్నాను. మాట్లాడటానికి మనిషి లేనప్పుడు కాగితంతోనైనా మాట్లాడాలి కదా. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాడు డ్రైవర్ షరీఫ్ ఒక్కడే. వాడికి మేడ మీదికి వచ్చే పర్మిషన్ లేదు. కాబట్టి ఏమైనా రాసుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సాయంత్రం అసర్ నమాజు అజా దాకా ఇల్లంతా నిద్రపోతుంది. ఆ గంటన్నర మాది. మేడ మీద బట్టలుతికే గదిలో నేనూ వతీ కాళ్ళు బారజాపుకుని కూర్చునేవాళ్ళం. ఆరేళ్ళు అట్లాగే కూర్చున్నాం. ఈరోజు ఒక్కదాన్నే కూర్చున్నాను.

పొద్దున ఎయిర్‌పోర్టుకు నేనూ వెళ్ళాను. విమానంలో చలి అని నా ఆకుపచ్చ దుపట్టా, అంచుకు అద్దాలు కుట్టినది, వతి మెడకు చుట్టాను. అది ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడవడానికేముంది? వచ్చే రంజాన్‌తో నా అగ్రిమెంటూ అయిపోతుంది. ఇద్దరం మళ్ళీ ఒకే ఇంట్లో ఉండబోయేవాళ్ళమే. ఈసారి మా ఇంట్లో.

జూన్ 28

కబ్సా అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. మదామ్ నా మొహం చూసి పెరుగు తెమ్మంది.

జూలై 6

మా ఇల్లు అని రాశాను. అది ఎక్కడుందో, మాది ఎట్లా అయిందో కూడా రాసుకుంటాను. రాసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

వతి అసలు పేరు ఫత్మావతి. మొదటిరోజు పేరు చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. సగం మా ఫాతిమా, సగం మా వీధి చివర పద్మావతి. వాళ్ళది ఇండోనేసియాలో సుంబావా అనే దీవి. ఇక్కడి నుంచి జకార్తా, అక్కడ ఇంకో విమానం, తర్వాత పడవ, పడవ దిగాక బస్సు, బస్సు ఆగిపోయిన చోటి నుంచి మోటారు సైకిలు. వానాకాలంలో ఆ మోటారు సైకిలు కూడా ఊరిదాకా పోదట. కొండల మీద మొక్కజొన్న, కింద కొంచెం వరి, మేకలు, పొట్టి గుర్రాలు. ఏడాదికి ఆరేడు నెలలు వాన ఉండదని అది బాధపడితే, మా రాయచోటి పక్క పల్లెలు చూస్తే మీ ఊరిని కోనసీమ అంటావు అన్నాను. కోనసీమ అంటే దానికేం తెలుసు. అయినా నవ్వింది.

మేం మాట్లాడుకునేది అరబ్బీ. అదీ వంటింటి అరబ్బీ. పెద్ద మాటలు ఇద్దరికీ రావు కాబట్టి పెద్ద అబద్ధాలు కూడా చెప్పుకోలేదని నా నమ్మకం.

నన్ను మొగుడు వదిలేసి పద్నాలుగేళ్ళు. దాని మొగుడు మలేసియా పోయి తిరిగి రాలేదు. ఇద్దరికీ పిల్లల్లేరు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ముసలిదానివయ్యాక ఎక్కడుంటావు?"

"మా నాయన ఇల్లుంది. తమ్ముడుంటాడు."

"తమ్ముడి పెళ్ళాం ఏమంటుంది?"

నేను మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టాను. అప్పుడే అంది, మా ఊరికి వచ్చెయ్ అని.

రోడ్డు లేని ఊరు కాబట్టి అక్కడ నేల ఎవరికీ అక్కర్లేదు. అయినా పరాయి దేశం వాళ్ళ పేరున నేల రాయరట, అది వాళ్ళ చట్టం. "నేల మా అమ్మది. ఇల్లు మనిద్దరిది" అంది. అదెట్లా కుదురుతుంది అన్నాను. వాళ్ళవి చెక్క ఇళ్ళు. చదునైన రాళ్ళ మీద స్తంభాలు నిలబెట్టి, వాటి మీద ఇల్లు కడతారు. నేలలో పునాది ఉండదు. "ఇల్లు నేల కాదు. మంచం లాంటిది, బర్రె లాంటిది. ఎవరు కొంటే వాళ్ళది. నేల ఒకరిదీ ఇల్లు ఒకరిదీ అయితే మా ఊళ్ళో ఎవరూ నవ్వరు" అని చెప్పింది.

బత్హా బజారులో కొనుక్కున్న నా నాలుగు బంగారు గాజులూ తీసి దాని చేతిలో పెట్టాను. తొమ్మిది స్తంభాల ఇల్లు. తూర్పు గది వతిది, పడమటి గది నాది. నా గదికి కొండవైపు కిటికీ. ఆ ఇంట్లో మగవాడు కాపురం పెట్టకూడదన్నది నా షరతు. వల్లాహి అని ఒట్టేసింది.

ఇప్పుడు నా చేతులు బోసిగా ఉన్నాయి. బాగానే ఉన్నాయి. గిన్నెలు తోమేటప్పుడు చప్పుడు లేదు.

జూలై 21

వీడియో వచ్చింది. స్తంభాలు నిలబెట్టారు. తొమ్మిదీ ఉన్నాయి.

ఆగస్టు 11

కిటికీ పెట్టారు. నీలం రంగు వేయమన్నాను, నీలమే వేశారు. కిటికీ తీస్తే ఎదురుగా కొండ, కొండ మీద మేకలు తెల్లటి చుక్కల్లా కనపడ్డాయి. పదిసార్లు చూశాను.

సూపర్ మార్కెట్‌కు వెళ్ళేటప్పుడు వ్యానులో షరీఫ్‌కు చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.

"ఏమక్కా, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుండాది నీ కత. సముద్రమవతల ఇల్లేంది? దానికి కాగితముండాదా?"

"ఉంది. వాళ్ళ ఊరి పెద్ద రాసిచ్చాడు."

"యా బాసలో?"

"వాళ్ళ భాషలో."

"నువ్వు సదివినావా?"

వాణ్ణి రోడ్డు చూసి నడపమన్నాను. కడపలో సొంత ఇల్లున్నవాడు వాడు. వాడికి ఇట్లాంటివి ఎగతాళిగానే ఉంటాయి.

ఆగస్టు 30

వతి ఊరికి రోడ్డు వస్తుందట. సర్వే వాళ్ళు వచ్చి ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతారట. పట్నం నుంచి ఎవరో కారులో వచ్చి సముద్రం వైపు నేల ఎవరిదని అడిగి వెళ్ళారట. వతి సంతోషంగా చెప్పింది. "రోడ్డు వస్తే నువ్వు ఇంటి ముందే దిగుతావు" అంది. వాళ్ళ అన్న అమ్మ నేలను టేపు పెట్టి కొలుస్తున్నాడని కూడా చెప్పింది. ఎందుకు అని అడిగాను. ఊరికే అంది.

నాకూ సంతోషంగానే ఉంది.

సెప్టెంబర్ 9

మౌలాలి ఫోన్ చేశాడు. నా తమ్ముడు పలకరింపుకే ఫోన్ చేసే రకం కాదు.

"అక్కా, బాగుండావా? మొగం సూపీ ఒకసారి. చిక్కిపోయినావు కా."

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. నాయన కట్టిన మిద్దె కారుతోంది, బాగుచేయించాలి, బ్యాంకువాళ్ళు నా సంతకం అడుగుతున్నారు.

"ఏం లేదు కా. నీ భాగం వదులుకున్నట్టు ఒక కాగితం. నేను రాపిచ్చి ఫోన్లో పంపుతా. నువ్వు ఎంబసీ ముద్ర ఏపిచ్చి పంపితే సాలు. నీ గది నీకట్లనే ఉంటాది. నీ పెట్టె నేను ముట్టుకోను. యానాటికైనా ఈ తలుపు నీకు తెరిసే ఉంటాది."

మా వైపు భాగం అడిగిన ఆడపిల్లకు భాగం దక్కుతుంది, పుట్టిల్లు పోతుంది. పండక్కి చీర రాదు, జబ్బు చేస్తే పలకరించే దిక్కుండదు. చచ్చిపోతే పుట్టింటి నుంచి రావాల్సిన కఫన్ గుడ్డ కూడా రాదు. మా మేనత్త భాగం అడిగి తీసుకుంది. ఆమె పోయిన రోజు మా నాయన కఫన్ గుడ్డ చంకలో పెట్టుకుని ఆమె గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, మళ్ళీ ఇంటికి తెచ్చి దూలం మీద పెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ గుడ్డ చాలా రోజులు దూలం మీదే ఉంది.

"నాకు వేరే ఇల్లుంది లేరా, సంతకం పెడతాను" అన్నాను. వాడికి ధైర్యం చెప్పడానికి అన్నాను. కాదు, గొప్ప కోసం అన్నాను.

సెప్టెంబర్ 19

మదామ్ రెండు గంటలు పర్మిషన్ ఇచ్చింది. షరీఫ్ ఎంబసీకి తీసుకెళ్ళాడు. దారంతా వద్దక్కా, వద్దక్కా అంటూనే ఉన్నాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. చదువుకున్నారా అని కౌంటర్లో ఆయన మర్యాదగా అడిగాడు. చదువుకున్నాను అన్నాను. సంతకం పెట్టాను. తెలుగులో, మూడు చోట్ల, గుండ్రంగా. పదో తరగతిలో నా చేతిరాతకు బహుమతి వచ్చింది.

అక్టోబర్ 6

వతి వాళ్ళ అమ్మ పోయింది. ఫోన్లో ఏడుపు తప్ప మాట లేదు. ఇన్నా లిల్లాహ్.

అక్టోబర్ 17

ఈరోజు మాట్లాడింది. వాళ్ళ అన్న నేల పంచమంటున్నాడట. రోడ్డు వచ్చేది సరిగ్గా అటువైపే.

"కొడుకుకు రెండు, కూతురికి ఒకటి. నా ఒకటి కొండ మీద వచ్చింది. రాళ్ళు. ఇల్లున్న చోటు మా అన్న వాటాకు పోయింది."

"మరి ఇల్లు?"

"ఇల్లు మనదే. భయపడకు."

"ఎట్లా భయపడకుండా ఉండేది?"

"భయపడకు" అని మళ్ళీ అంది. అంతే, ఫోన్ కట్ అయింది. దానిదీ నాదీ ఒకటే గతి అనుకున్నాను. ఆ రాళ్ళ కొండ మీదైనా ఇద్దరం ఉండొచ్చు.

నవంబర్ 3

వీడియో వచ్చింది. కింద ఒక్క మాట లేదు.

ముందు నాకు అర్థం కాలేదు. ఇంటి పైకప్పు రేకులు తీసేశారు. ఇంటి కింద అడ్డంగా, నిలువుగా లావు వెదుళ్ళు కట్టారు. వెదుళ్ళ కింద మగవాళ్ళు భుజాలు పెట్టి వంగి నిలబడ్డారు. యాభై మందికి పైగా ఉంటారు. ఒకతను ఇంటి అరుగు మీదెక్కి డోలు కొడుతున్నాడు. అతను కేక వేశాడు, అందరూ లేచారు, ఇల్లు లేచింది.

నా నీలం కిటికీతో సహా లేచింది. కొంచెం ఊగి, నడవడం మొదలుపెట్టింది. దారిలో అరటిచెట్టు అడ్డమొస్తే ఎవరో నరికారు. పిల్లలు వెనక పరుగెత్తుతున్నారు, ఆడవాళ్ళు నీళ్ళ చెంబులు పట్టుకుని నవ్వుతున్నారు. అందరికీ పండగలా ఉంది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. నా కాలానికి నడిచెళ్ళే ఇల్లు పుట్టింది.

కొండవైపు తీసుకెళ్తారనుకున్నాను. కొండకు ఎదురుదిక్కుగా పోయారు. పెద్ద నీళ్ళ ట్యాంకు ఉన్న ఎవరిదో దొడ్డి. అక్కడ రాళ్ళు ముందే పేర్చి ఉన్నాయి. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఇటు, ఇటు అని చెయ్యి ఊపుతున్నాడు. ఇల్లు దించారు. వతి టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఆ పెద్దాయన పక్కకు వచ్చింది. ఫోను వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

నవంబర్ 4

మళ్ళీ చూశాను. నిన్న కనిపించలేదు. ఇంటి నడిమి స్తంభానికి నా ఆకుపచ్చ దుపట్టా కట్టి ఉంది.

ఆ దొడ్డి ఎవరిది అని మెసేజ్ పెట్టాను. రెండు గీతలూ నీలంగా మారాయి. జవాబు లేదు.

నవంబర్ 9

ఇంక అడగను.

నవంబర్ 10

అడిగాను.

డిసెంబర్ 1

నాకేం బాధ లేదు. ఆరేళ్ళు ఒకే గదిలో పడుకున్నంత మాత్రాన అక్కచెల్లెళ్ళయిపోతారా? అది జ్వరంతో పడుకుంటే దాని పని కూడా నేనే చేసి మదామ్‌కు తెలియనివ్వలేదు. నాకు పన్ను నొప్పి వస్తే లవంగం నమిలి పెట్టింది. అవన్నీ అవసరానికి చేసుకున్నవే. నాకేం బాధ లేదు.

షరీఫ్ సెలవు మీద కడప వెళ్తున్నాడు. ఒక్క మాట అడిగాడు. "ఆ ఇల్లెంతవరకొచ్చినాదక్కా?"

"వెళ్ళాల్సినంత దూరం వెళ్ళింది" అన్నాను.

డిసెంబర్ 22

వతి నుంచి మెసేజ్. "మా ఊరి సల్మా ఉమ్రా యాత్రకు వస్తుంది. మీ వాళ్ళు సెలవులకు మక్కా వెళ్తారు కదా. ఆమెను కలువు. నీ వస్తువు తెస్తుంది."

యాభై రోజుల తర్వాత ఇదీ ఉత్తరం. నా వస్తువేమిటి? కాగితమేమో. కొత్త కాగితం, కొత్త చోటుకు. అదే అయి ఉంటుంది. ఫోన్లో చెప్పడం కుదరక మనిషిని పంపుతోంది. నేను అనవసరంగా తిట్టుకున్నాను.

జనవరి 7, 2025. మక్కా

ఉదయం కాబా చుట్టూ తవాఫ్ అయ్యాక మదామ్‌ను అడిగి ఆ హోటల్‌కు వెళ్ళాను. కింద హాల్లో ఇండోనేసియా వాళ్ళు ఒకే రంగు బట్టల్లో వంద మంది ఉన్నారు. సల్మా అనగానే నలుగురు తిరిగి చూశారు. చివరికి ఒక ముసలామె మెడలో కార్డు ఊపుకుంటూ వచ్చింది. జెడ్డాలో పద్నాలుగేళ్ళు పనిచేసిందట, అరబ్బీ నాకన్నా బాగా మాట్లాడుతుంది. మా ఊరి అవ్వల్లా, జేజీ అని పిలవాలనిపించేలా ఉంది.

"మహబూబ్బీ నువ్వేనా? నీ గుడ్డ రోజూ చూస్తాను" అంది.

నన్ను కూర్చోబెట్టి ఖర్జూరం చేతిలో పెట్టి, ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. అన్న పది రోజులు గడువు పెట్టాడట. ఇల్లు తీయకపోతే విరగ్గొట్టి కట్టెలకు అమ్ముతానన్నాడు. కొండ మీదికి ఇంటిని మోయడం మనుషుల వల్ల కాదు. ఊళ్ళో చోటిస్తానన్నవాడు మన్సూర్ ఒక్కడే. పెళ్ళాం పోయిన మనిషి. చోటు ఊరికే ఇవ్వడు కదా. నిఖా అయిన నాలుగో రోజు ఇంటిని మోశారు.

"నిఖా" అన్నాను.

"వీడియోలో చూశావుగా. మంచివాడే. పళ్ళు లేవు."

నేను నవ్వలేదు. నా దుపట్టా ఎందుకు కట్టారని అడిగాను.

"ఇంటిని మోసేటప్పుడు ఇంటివాళ్ళందరూ స్తంభం మీద చెయ్యి వేసి సరే అనాలి. రాలేనివాళ్ళ గుడ్డ కడతాం. ఒప్పుకున్నట్టు."

నన్ను ఎవరూ అడగలేదు. నా దుపట్టాను అడిగారు. ఇదే మాట ఆమెతో అనేశాను. ఆమె తల వంచుకుంది. తర్వాత నడుముకు కట్టుకున్న సంచిలోంచి చిన్న గుడ్డ మూట తీసి నా ఒళ్ళో పెట్టింది.

నాలుగు గాజులు. రెండు నావే, లోపలివైపు బత్హా కొట్టువాడి గుర్తు ఉంది. మిగతా రెండూ వేరే. ఆకులు చెక్కినవి, కొత్తవి.

"రెండు ఇంటి కర్ర కొనడానికి పోయాయి. వాటి బదులు మన్సూర్ మొక్కజొన్న అమ్మి చేయించాడు. పరాయి ఆడదాని సొత్తు తన దొడ్లో ఉండటం బాగుండదన్నాడు. బలవంతం లేదు. తీసుకుంటే నీకూ ఆ ఇంటికీ తీరిపోయినట్టు, గుడ్డ విప్పేస్తారు. తీసుకోకపోతే నీ గది నీదే. నీ ఇష్టం. రేపు పొద్దున మా విమానం."

మోసపోయినవాళ్ళ సొత్తు పోతుంది. నా సొత్తు గ్రాము తగ్గకుండా నా ఒళ్ళోకి వచ్చింది, అయినా నేను మోసపోయాను. ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు.

గాజులు నాలుగూ వేసుకున్నాను. ఆ కొత్తవి బిగుతుగా ఉన్నాయి, చర్మం గీసుకుపోయింది. "వతితో చెప్పండి, నాకు మా ఊళ్ళో ఇల్లుంది అని" అన్నాను.

"చెబుతాను" అంది సల్మా జేజి. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జనవరి 8

మంచిపనే చేశాను. మగవాడి దొడ్లో ఒక గది ఎవరికి కావాలి? ఒట్టు తప్పినవాళ్ళతో కలిసి బతకడం కన్నా తోడబుట్టినవాడి గుమ్మం మేలు. నా గది ఉంది. నా పెట్టె ఉంది. తలుపు తెరిచే ఉంటుందన్నాడు.

మంచిపనే చేశాను.

ఫిబ్రవరి 3

షరీఫ్ సెలవు నుంచి వచ్చాడు. ఎప్పుడూ వస్తూనే ఊరగాయ సీసా చేతిలో పెట్టి గొడవ చేసేవాడు. ఈసారి సీసా ఇచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేను మీ ఊరికి పొయ్యొచ్చినా. నీ తమ్మునికి నువ్విచ్చిన సెంటు బాటిలియ్యాలని." ఆగాడు. "ఆడ ఇల్లు లేదక్కా."

"వేరే వీధికి పోయుంటావు."

"పోలేదక్కా. జేసీబీ పెట్టి పడగొట్టినారు. సంక్రాంతి ముందే. షాపులు కడతాండారు, నాలుగు. మెయిన్ రోడ్డు కదా. నీ పెట్టె పక్కింటి రోషన్ బీ వాళ్ళ వసారాలో ఉండాది. వానకు తడవకుండా గోనెపట్ట కప్పినారు."

కారం ఎక్కువ కాలేదు కదా ఊరగాయలో అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

ఫిబ్రవరి 4

మౌలాలికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు.

"ఇల్లు పడగొట్టావంట."

"పడగొట్టకుండా షాపులు యాడ కట్టాల కా?"

"నా గది?"

"ఇల్లే లేకుంటే గది యాడుంటాది? నువ్వొస్తే మా కాడ ఉండవా? పిల్లోల్ల పక్కన పండుకోవా? ఒకరోజో రెండ్రోజులో అయితే ఇస్మత్ మాత్రం ఏమంటాది?"

ఇస్మత్ వాడి పెళ్ళాం. ఒకరోజో రెండ్రోజులో అన్న మాట వాడి నోట్లోంచి వచ్చింది కానీ ఆమె మాటే.

"తలుపు తెరిచే ఉంటుందన్నావు కదరా."

"తలుపులు రోషన్ బీ వాళ్ళు కొన్నారు కా. టేకువి కదా, మంచి రేటొచ్చినాది. అయినా నీకేం తక్కువ? నీకు ఇండోనేసియాలో ఇల్లుండాదని నువ్వే అంటివే?"

అన్నాను. నేనే అన్నాను. మూడు చోట్ల గుండ్రంగా సంతకం పెట్టినదీ నేనే, చదువుకున్నాను అని చెప్పినదీ నేనే. వాడి మీద కోపం తెచ్చుకోవాలని చూస్తే ముందు నా మీదే వస్తోంది. కానీ వాడి మీదా ఉంది. చాలా ఉంది. మా నాయన దూలం మీద పెట్టిన కఫన్ గుడ్డకు భయపడి నేను భాగం వదిలాను. ఆ దూలం కూడా అమ్మేసి ఉంటాడు.

ఫిబ్రవరి 5

ఏడ్చాను. వాషింగ్ మెషీను పక్కన, అసర్ దాకా.

ఫిబ్రవరి 19

రాయడానికేం లేదు.

మార్చి 10

రంజాన్ పదో రోజు. సాయంత్రానికి సంబూసాలు, అదే సమోసాలు, మడుస్తుంటే మదామ్ వంటింట్లోకి వచ్చింది. మంచి మనిషే, తొందరపెట్టదు.

"మహబూబ్బీ, నీ అగ్రిమెంటు అయిపోతోంది. ఇంకో రెండేళ్ళు పొడిగించనా, ఎగ్జిట్ కొట్టించనా? పండగ లోపల చెప్పు."

సరే మదామ్ అన్నాను. దేనికి సరే అన్నానో ఆమె అడగలేదు.

ఎగ్జిట్ అంటే టికెట్టు తీస్తారు. టికెట్టుకు ఊరి పేరు చెప్పాలి. చెన్నై వరకు చెబుతాను. చెన్నై నుంచి బస్సెక్కి రాయచోటిలో దిగుతాను. దిగాక ఎటు నడవాలి? రోషన్ బీ ఇంటికి పోయి, మా తలుపులు చూపించమని అడగాలా?

ఇక్కడ మేడ మీద గది, ఇనప మంచం, కొళాయి ఉన్నాయి. రెండేళ్ళు పొడిగిస్తే రెండేళ్ళు ఉంటాయి.

మార్చి 14

ఇల్లు నిద్రపోతోంది. ఉపవాసంతో నోరు ఎండిపోయి ఉంది. ఇప్పుడే జరిగింది, మరిచిపోకముందే రాస్తున్నాను.

వతి ఫోన్ చేసింది. మెసేజ్ కాదు, ఫోన్. ఐదు నెలల తర్వాత. ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను.

వెనక కోళ్ళ చప్పుడు వినిపించింది.

"గాజులు అందాయని సల్మా చెప్పింది" అంది.

"అందాయి. ఇంకేం కావాలి నీకు?"

"గుడ్డ ఇంకా విప్పలేదు."

"ఎందుకు? మీ ఆయన ఊరుకున్నాడా?"

"ఊరుకోలేదు. రోజూ అడుగుతున్నాడు. నేను విప్పలేదు. కట్టేటప్పుడు నిన్ను అడగలేదు. విప్పేటప్పుడు కూడా అడగకపోతే రెండు తప్పులు."

అప్పుడు నాలుగు నెలలుగా దాచుకున్నవన్నీ అనేశాను. ఒట్టు తప్పావు, ఇంట్లోకి మగవాణ్ణి తెచ్చావు, ఆరేళ్ళు పక్కన పడుకుని వీడియో పంపించి ఊరుకున్నావు, నా అంత పిచ్చిది నీకు ఇంకెక్కడా దొరకలేదు. అరబ్బీ చాలక తెలుగులో కూడా తిట్టాను. అది మధ్యలో అడ్డం రాలేదు.

"చెబితే నువ్వు వద్దంటావు" అంది చివరికి. "నువ్వు వద్దంటే ఇల్లు మా అన్న పొయ్యిలోకి పోయేది. నాకు ఇల్లు కావాలి. దానికోసం నిన్ను మోసం చేశాను. నిజమే. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. విప్పమంటే ఈరోజే విప్పి, ఉతికి, దాచిపెడతాను. నీ నోటితో చెప్పు."

నాకు నలభై రెండేళ్ళు. పెళ్ళి చేసేటప్పుడు నన్ను అడగలేదు, పరదా వెనక నా తల ఎవరో పట్టుకుని ఊపారు. మొగుడు వదిలేసేటప్పుడు అడగలేదు. తమ్ముడు సంతకం అడిగాడు, నన్ను కాదు. వతి కూడా మొదట దుపట్టానే అడిగింది. కానీ ఇప్పుడు ఫోను పట్టుకుని, నేను చెప్పేదాకా ఆగి, ఎదురు చూస్తోంది. ఊపిరి వినిపిస్తోంది.

"ఉండనీ" అన్నాను.

"ఏమిటి?"

"గుడ్డ ఉండనీ. గాజులు నా చేతికే ఉన్నాయి, నేనే తెచ్చిస్తాను. మదామ్‌కు ఎగ్జిట్ అని చెబుతున్నాను. ముందు రాయచోటి పోయి నా పెట్టె తెచ్చుకోవాలి. షరీఫ్ ఫోన్లో చూశాడు, మీ దేశంలో వీసా ముప్పై రోజులే ఇస్తారంట. నా ఇంటికి నేను నెల రోజుల చుట్టాన్ని. ఆ తర్వాత ఏం చెయ్యాలో అక్కడే కూర్చుని ఆలోచిస్తాను."

అది ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకు. నిన్ను క్షమించలేదు నేను."

"తెలుసు" అంది.

"మీ ఆయన తూర్పు గది దాటి రాకూడదు."

"రాడు."

"ఇప్పుడు మొక్కజొన్న కోతలు కదా. కంకులు తెచ్చి నా గదిలో పోశారంటే ఊరుకోను."

అవతల ముక్కు చీదుకుంది.

"నిన్ననే పోశాడు" అంది వతి.

"తీయించు" అన్నాను.